సంతకం పక్కన ఒక అక్షరం: ఐరోపా రాజకుటుంబాల ఫొటోల సేకరణ

1947 ఆగస్టు 18న బ్రిటన్ రాజు ఆరవ జార్జ్ తన తల్లి మేరీ రాణికి ఒక ఉత్తరం రాశాడు. ఆమె ఆ కవరు వెనక ఒక మాట రాసి పెట్టుకుంది. కొడుకు సంతకం పక్కన 'ఐ' అనే అక్షరం లేకుండా ఉత్తరం రావడం ఇదే మొదటిసారి అనీ, చాలా బాధగా ఉందనీ. 'జార్జ్ ఆర్.ఐ.'లో 'ఆర్' అంటే లాటిన్‌లో రాజు, 'ఐ' అంటే చక్రవర్తి. ఆ చక్రవర్తి హోదా ఇండియా వల్ల వచ్చింది. మూడు రోజుల ముందు మనకు స్వాతంత్ర్యం రావడంతో అది కలం నుంచి జారిపోయింది. బిరుదు లాంఛనంగా రద్దయింది 1948 జూన్ 22న. చెయ్యి మాత్రం అంతకు పది నెలల ముందే మానేసింది.

ఐరోపా రాజకుటుంబాలు సంతకం చేసిన ఫొటోలను సేకరించేవాళ్లకు ఈ చిన్న సంగతి చాలా పనికొస్తుంది. ఆరవ జార్జ్ ఫొటో కింద 'ఆర్.ఐ.' ఉండి, పక్కన 1950 అని తేదీ ఉంటే అక్కడే అనుమానం మొదలవ్వాలి. ఒట్టి 'ఆర్' ఉండి 1940 అని ఉన్నా అంతే. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు ముందు ముఖం చూస్తారు, తర్వాత పేరు చూస్తారు, ఆ తర్వాత ధర చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఫొటో అతికించిన అట్ట చూస్తారు. స్టూడియో పేరు, తేదీ, బిరుదు అక్షరాలు, ఎవరికి ఇచ్చారు అన్నది చూశాక ఆఖరున సంతకం దగ్గరికి వస్తారు. చాలా సందర్భాల్లో అప్పటికే నిజమేదో తేలిపోయి ఉంటుంది.

అసలు రాజులు ఫొటోల మీద సంతకాలు ఎందుకు పెట్టడం మొదలుపెట్టారో తెలిస్తే ఈ వరుస ఎందుకో అర్థమవుతుంది. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫర్ ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే ప్లేటు మీద చాలా ఫొటోలు తీయడం, వాటిని కత్తిరించి విజిటింగ్ కార్డంత అట్టకు అతికించడం, చవగ్గా అమ్మడం. అట్ట ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు, వెడల్పు 6. కార్ట్ ద విజిట్ అని పిలిచే ఈ కార్డులు కొద్ది ఏళ్లలోనే ఐరోపా అంతా పాకాయి. 1860లో మేయల్ అనే లండన్ ఫొటోగ్రాఫర్ విక్టోరియా రాణి కుటుంబం ఫొటోలను ఇలా బజారులో పెట్టాడు. అప్పటిదాకా రాణి ముఖం జనానికి ఎక్కువగా నాణెం మీదా తపాలా బిళ్ల మీదా అచ్చు బొమ్మల్లోనూ తెలుసు. 1861 డిసెంబరు 14న ఆమె భర్త ఆల్బర్ట్ చనిపోయినప్పుడు వారం తిరగకుండా 70 వేల కార్డులు అమ్ముడయ్యాయని చెబుతారు. విక్టోరియా కోడలు, యువరాణి అలెగ్జాండ్రా పసిబిడ్డను వీపున ఎక్కించుకున్న 1868 నాటి ఫొటో అయితే 3 లక్షల ప్రతులు పోయిందట. దాన్ని తీసింది డౌనీ స్టూడియో.

ఇక్కడే రాజులకు ఒక ఇబ్బంది వచ్చింది. ఎవరైనా అంగట్లో కొనుక్కోగల వస్తువును కానుకగా ఎలా ఇవ్వడం? చేత్తో పేరు రాసి ఇవ్వడం. సంతకం పడ్డాక ఆ ఫొటో అంగట్లో దొరకదు, అడిగితే రాదు, ఇస్తేనే వస్తుంది. పదవీకాలం ముగించుకుని వెళ్లే రాయబారికి, వేటకు ఆతిథ్యమిచ్చిన జమీందారుకు, రాజు ఎక్కిన ఓడ కెప్టెనుకు, పిల్లల ట్యూటరుకు, పురుడు పోసిన డాక్టరుకు, ముప్ఫై ఏళ్లు కొలువు చేసిన పనిమనిషికి ఇది ఇచ్చేవాళ్లు. పతకం కాదు, పింఛను కాదు. కానీ హాల్లో బల్ల మీద పెట్టుకుంటే ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. దీనిలోనూ అంతరాలు ఉన్నాయి. మంత్రులకూ తోటి రాజులకూ పెద్ద ఫొటో, పైన కిరీటం అమర్చిన వెండి ఫ్రేమ్. సిబ్బందికి కేబినెట్ సైజు, అంటే సుమారు 16.5 సెంటీమీటర్ల అట్ట. ఫ్రేమ్ చూసి గ్రహీత హోదా అంచనా వేయొచ్చు. దేశాధినేతల పర్యటనల్లో ఫ్రేమ్ కట్టిన సంతకం ఫొటో ఇచ్చే అలవాటు ఇప్పటికీ పోలేదు.

బ్రిటన్ రాజకుటుంబం దారిన పోయేవాళ్లకు ఆటోగ్రాఫ్ ఇవ్వకపోవడం పాత ఆనవాయితీ. సినిమా తారల సంతకాలకూ వీటికీ అసలు తేడా అదే. తార సంతకం స్టేజీ గుమ్మం దగ్గర నిలబడితే దొరుకుతుంది. రాజు సంతకం ఉన్న ఫొటో బయటికి వచ్చిందంటే దాని వెనక ఒక మనిషీ, ఒక సందర్భమూ ఉండి తీరాలి. ఆ మనిషి ఎవరో తెలియని ఫొటో సగం ఫొటోనే.

రాజులు ఇవ్వడమే కాదు, కూడబెట్టారు కూడా. 1860లో విక్టోరియా రాణి ఆంతరంగిక పరిచారిక ఎలియనార్ స్టాన్లీ లండన్‌లోని పెద్దింటి ఆడవాళ్లందరికీ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. మీ ఫొటో, మీ ఆయన ఫొటో రాణిగారికి పంపండి అని. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్, అందరూ సిసీ అనే ఆవిడ, ఇంకా ముందుకెళ్లింది. 1862లో అందగత్తెల ఆల్బమ్ ఒకటి తయారు చేస్తున్నాను, ఫొటోలు పంపమని మరిదికి రాసింది. విదేశాల్లోని ఆస్ట్రియా రాయబారులకూ ఇదే పని పడింది. ఇస్తాంబుల్ అంతఃపురం ఆడవాళ్ల ఫొటోలు కావాలన్న కోరిక తీర్చడానికి అక్కడి రాయబారి ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఆ ఆల్బమ్‌లు ఇప్పుడు జర్మనీలోని కొలోన్ నగరంలో, లూడ్విగ్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంత ఇష్టంగా పరాయివాళ్ల ఫొటోలు పోగేసిన సిసీ, ముప్ఫై దాటాక తన ఫొటో తీయించుకోవడం మానేసింది. 1898లో జెనీవాలో హత్యకు గురయ్యేదాకా అధికారికంగా బయటికి వచ్చినవన్నీ 1860ల నాటి ఫొటోలకు మెరుగులు దిద్ది, వయసు పెంచి చూపించినవే. కాబట్టి 1890లలో స్టూడియోలో తీసిన సిసీ ఫొటో, సంతకంతో సహా, అని ఎవరైనా తెస్తే సంతకం దాకా వెళ్లనక్కర్లేదు.

ఇక అక్షరాల సంగతి. విక్టోరియా మొదట్లో పేరు పక్కన, రాణి అనే అర్థంలో, 'ఆర్' మాత్రమే రాసేది. 1876లో చట్టం వచ్చి, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో భారత చక్రవర్తిని అని ప్రకటించాక 'ఆర్ అండ్ ఐ' అయింది. ఆమె కొడుకు ఏడవ ఎడ్వర్డ్ 1901 జనవరి దాకా యువరాజుగా 'ఆల్బర్ట్ ఎడ్వర్డ్' అని పూర్తి పేరు పెట్టేవాడు. గద్దె ఎక్కాక 'ఆల్బర్ట్' అన్న మాట పోయి 'ఎడ్వర్డ్' మిగిలింది. మనవడు ఐదవ జార్జ్ 1910లో రాజయ్యాక 'జార్జ్ ఆర్.ఐ.'. ఆరవ జార్జ్ 1936 డిసెంబరు దాకా 'ఆల్బర్ట్', ఆ తర్వాత మళ్లీ 'జార్జ్ ఆర్.ఐ.'. తండ్రీ కొడుకులిద్దరి సంతకంలోనూ ఒకే అక్షరాలు ఉన్నా ఫొటోలో ముఖం ఉంటుంది కాబట్టి పెద్దగా గందరగోళం లేదు.

గందరగోళం ఉన్నది 'ఎలిజబెత్ ఆర్' దగ్గర. రెండవ ఎలిజబెత్ రాణి సంతకం అదే, ఆమె తల్లి సంతకమూ అదే. తల్లి 1936 నుంచి రాజు భార్యగా రాణి హోదాలో అలా రాసింది, 2002లో 101 ఏళ్ల వయసులో చనిపోయేదాకా రాస్తూనే ఉంది. ఫొటోలో ఎవరున్నారో చూస్తే తేలిపోతుంది గానీ, కార్డులూ ఉత్తరాలూ అయితే రాత తెలియాలి. తెలియక ఒకరి కార్డును ఇంకొకరిదని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఉన్నారు.

బిరుదు అక్షరాలు ఎంత ఎక్కువ ఉంటే ఫొటో అంత గొప్పదని అనుకోవడం సహజం. నిజానికి సంతకం చిన్నదయ్యేకొద్దీ బంధం దగ్గరవుతుంది. ఆరవ జార్జ్ ఇంట్లో బర్టీ. ఎనిమిదవ ఎడ్వర్డ్ ఇంట్లో డేవిడ్. రష్యా జార్ రెండవ నికొలస్ బంధువులకు నికీ. రెండవ ఎలిజబెత్ లిలిబెట్. ఇలాంటి ముద్దుపేరుతో సంతకం పెట్టిన ఫొటో ఎవరో అధికారికి ఇచ్చింది కాదు, ఇంటి మనిషికో ప్రాణస్నేహితులకో ఇచ్చింది. అది మార్కెట్‌కు రావడమే అరుదు. వచ్చినప్పుడు ఎలా వచ్చిందని అడగాలి కూడా. రుమేనియా రాణి ఎలిజబెత్‌ది మరో దారి. ఆమె రచయిత్రి, కలం పేరు కార్మెన్ సిల్వా, ఫొటోల మీద ఆ పేరే రాసేది. రాణి పేరు కోసం వెతికేవాళ్లు ఆ ఫొటోను చేతిలో పట్టుకుని కూడా వదిలేసిన సందర్భాలు ఉండే ఉంటాయి.

అరుదు అనే మాటను ఈ వ్యాపారంలో చాలా తేలిగ్గా వాడతారు. కొద్దికాలం ఏలినవాడి సంతకం అరుదు అన్నది వాటిలో ఒకటి. సగం నిజం. ఎనిమిదవ ఎడ్వర్డ్ 1936 జనవరి 20న రాజయ్యాడు, డిసెంబరు 11న గద్దె దిగాడు. 11 నెలలు కూడా నిండలేదు. అంతకు ముందు యువరాజుగా ప్రపంచమంతా తిరుగుతూ 'ఎడ్వర్డ్ పి' (పి అంటే యువరాజు) అని లెక్కలేనన్ని ఫొటోల మీద పెట్టాడు. తర్వాత విండ్సర్ డ్యూక్‌గా 1972 దాకా బతికాడు. మనిషి సంతకం అరుదు కాదు. 'ఎడ్వర్డ్ ఆర్.ఐ.' అన్న సంతకం అరుదు. ఆ రెండు అక్షరాలకే ధర. అందుకే అవి పేరుతో పాటే పడ్డాయా, తర్వాత ఎవరైనా చేర్చారా అని సిరా రంగు, కలం ఒత్తిడి పోల్చి చూడాలి. ఇటలీ చివరి రాజు రెండవ ఉంబెర్టోదీ ఇదే కథ. 1946 మే 9న రాజయ్యాడు, జూన్‌లో రెఫరెండంలో రాజరికం ఓడిపోయి దేశం వదిలాడు. అందుకే ఇటాలియన్లు ఆయన్ను మే నెల రాజు అంటారు. ఆ తర్వాత పోర్చుగల్‌లోని కష్కైస్‌లో 1983 దాకా ఉన్నాడు, అభిమానులకు ఫొటోలు ఇస్తూనే ఉన్నాడు. ప్రవాసంలో పెట్టిన సంతకం కావాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆ నెల రోజుల్లో తేదీ వేసి ఇచ్చింది దొరకాలంటే అదృష్టం ఉండాలి.

జర్మనీ కైజర్ రెండవ విల్‌హెల్మ్ దీనికి అసలైన ఉదాహరణ. 1918 నవంబరులో సింహాసనం పోయి నెదర్లాండ్స్‌కు వెళ్లాడు. డోర్న్ అనే ఊళ్లో ఒక బంగళా కొనుక్కుని 1920 నుంచి 1941 జూన్ 4న చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. రాజ్యం లేదు, సైన్యం లేదు. కానీ ఫొటో కింద 'విల్‌హెల్మ్ ఐ.ఆర్.' అని, చక్రవర్తి, రాజు అన్న అక్షరాలు మాత్రం మానలేదు. ఊరి పేరు, తేదీ కూడా చాలాసార్లు వేసేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకు, విధేయంగా ఉత్తరాలు రాసిన పాత సైనికులకు అవి అందేవి. సైన్యాలను కదిలించిన చేతికి ఫొటోల మీద సంతకం పెట్టడమే ఉద్యోగమైపోయింది. ఆ ఫొటోలు వేలంపాటల్లో తరచుగానే కనిపిస్తాయి, ఓపికగా ఎదురుచూస్తే అందుబాటు ధరకే వస్తాయి. చరిత్ర మీద ఇష్టంతో మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. ఓడిపోయిన రాజు ఇంకా రాజుగానే సంతకం పెట్టడం అన్నది ఆ కాగితం మీద కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఆస్ట్రియా చివరి చక్రవర్తి కార్ల్ దీనికి పూర్తి వ్యతిరేకం. 1916 నవంబరు నుంచి 1918 నవంబరు దాకా ఏలాడు, అదీ యుద్ధం మధ్యలో. 1922లో మదీరా దీవిలో చనిపోయాడు. ఫొటోలు పంచే తీరికా లేదు, తర్వాత బతికిన కాలమూ లేదు. పైగా 2004లో కాథలిక్ చర్చి ఆయనకు పుణ్యాత్ముడి హోదా ఇచ్చింది. అప్పటి నుంచి ఆ సంతకం చరిత్ర ఇష్టపడేవాళ్లకే కాదు, భక్తులకూ కావాలి.

రష్యా రోమనోవ్‌ల దగ్గర మాత్రం ఎంత జాగ్రత్త పడ్డా చాలదు. 1918 జూలై 17న ఎకతెరిన్‌బుర్గ్‌లో నికొలస్‌ను, భార్యను, ఐదుగురు పిల్లలను కాల్చి చంపారు. ఆ విషాదం మీద ప్రపంచానికి తీరని ఆసక్తి. ఆసక్తి ఉన్నచోట నకిలీ ఉంటుంది. ఆ కుటుంబానికి కెమెరాల పిచ్చి కూడా ఉండేది, కాబట్టి అసలు ఫొటోలు నిజంగానే చాలా ఉన్నాయి. మహారాణి స్నేహితురాలు అన్నా విరూబోవా ఆల్బమ్‌లు ఆరు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. తేదీ ఇక్కడ మంచి సాక్షి. రష్యా 1918 ఫిబ్రవరి దాకా పాత క్యాలెండర్ వాడింది, 20వ శతాబ్దంలో అది మన క్యాలెండర్ కన్నా 13 రోజులు వెనక. నికొలస్ ఫలానా చోట ఫలానా రోజున ఇచ్చాడు అని చెప్పే ఫొటో మీద తేదీ ఏ లెక్కలో ఉందో చూసి, ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో డైరీలతో సరిపోల్చుకోవచ్చు. నకిలీ చేసేవాడు రాత నేర్చుకుంటాడు గానీ ఈ 13 రోజులు చాలాసార్లు మర్చిపోతాడు.

మోసం చేయాలనే ఉద్దేశమే లేకుండా మోసపుచ్చేవి కూడా ఉన్నాయి. అవి అచ్చు సంతకాలు. 1914 క్రిస్మస్‌కు యుద్ధంలో ఉన్న సైనికులకు ప్రిన్సెస్ మేరీ పేరున ఇత్తడి పెట్టెలు పంచారు. ఫ్రాన్స్‌లో పోరాడుతున్న భారత సైనికులకూ అందాయి, వాళ్లకు మిఠాయి, మసాలా దినుసుల డబ్బా పెట్టారు. ఆ సమయంలోనే రాజు, రాణి ఫొటోలతో ఒక కార్డు కూడా ఇచ్చారు. దేవుడు మిమ్మల్ని కాపాడి క్షేమంగా ఇల్లు చేర్చుగాక అన్న మాట, కింద ఇద్దరి సంతకాలు, అంతా చేత్తో రాసినట్టే ఉంటుంది. అంతా అచ్చే. 1918లో ఖైదు నుంచి విడుదలైన సైనికులకు ఐదవ జార్జ్ పంపిన స్వాగత లేఖ కూడా ఇలాంటిదే. ముత్తాతకు రాజుగారు స్వయంగా రాశారు అని ఇళ్లల్లో భద్రంగా దాచుకున్నవి ఇవే ఎక్కువ. సంతకంగా వీటికి విలువ లేదు. ఆ సైనికుడి పేరు, పటాలం, పతకాలతో కలిపి ఉంటే మాత్రం ఆ ఇంటి చరిత్రగా వాటికి వెల కట్టలేం.

పది రెట్లు పెద్దదిగా చూపించే మామూలు భూతద్దం ఇక్కడ సగం పని చేసిపెడుతుంది. సంతకం గీత చిన్నచిన్న చుక్కలుగా విడిపోతే అది అచ్చు. గీత మొదలైన చోటా ఆగిన చోటా సిరా కాస్త ఎక్కువ దిగి ముదురుగా ఉందా, ఒక గీత ఇంకో గీతను దాటేచోట రెండు పొరలు కనిపిస్తున్నాయా, పాళీ చీలిక వల్ల అంచుల్లో రెండు సన్నని గాట్లు ఉన్నాయా, అట్ట మీది మరక సిరా మీదుగా పోయిందా కిందుగా పోయిందా అని చూడాలి. పాత ఇనుప సిరా నల్లగా మొదలై గోధుమ రంగుకు దిగుతుంది. బాల్‌పాయింట్ పెన్ను 1940లలో బజారుకు వచ్చింది, దానితో 1912 నాటి సంతకం పడదు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే 1950ల తర్వాతి కాగితం చాలావరకు నీలంగా మెరుస్తుంది, తెల్లదనం కోసం కలిపిన రసాయనం వల్ల. జార్ ఫొటో అలా మెరిస్తే బేరం అక్కడితో ఆపేయొచ్చు. మనిషి బదులు కలంతో సంతకం గీసే యంత్రాన్ని పట్టుకోవడానికి ఇంకా తేలిక మార్గం ఉంది. ఒకే వ్యక్తి రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయంటే అది చెయ్యి కాదు. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టడు.

అట్ట వెనక అచ్చయిన స్టూడియో ప్రకటన చాలామంది చదవరు. ఏ రాజుగారి ఆస్థాన ఫొటోగ్రాఫర్లం, ఏ ప్రదర్శనలో పతకం వచ్చింది, ఏ వీధిలో ఉంటాం అని గొప్పగా వేసుకునేవాళ్లు. ఫొటో ఏ ఏడాది తర్వాతదో ఆ గొప్పే చెబుతుంది. మన దగ్గరే ఉదాహరణ ఉంది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్‌కు 1897లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్‌గా రాయల్ వారంట్ వచ్చింది. ఆ హోదా అచ్చయిన అట్ట 1897కు ముందుది కాలేదు. లండన్, వియన్నా, సెయింట్ పీటర్స్‌బర్గ్ స్టూడియోల అట్టలకూ ఇదే లెక్క. ఇంకో చిక్కు, 20వ శతాబ్దపు పెద్ద ఫొటోల కింద మూలన పెన్సిల్‌తో ఉండే సంతకం రాజుది కాదు, ఫొటోగ్రాఫర్‌ది. 1937లో ఆరవ జార్జ్ పట్టాభిషేకానికి అధికారిక ఫొటోగ్రాఫర్‌గా ఉన్న డొరోతీ వైల్డింగ్ సంతకాలు అలా కనిపిస్తాయి.

కొన్నాక కాపాడటం ఇంకో పని. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఉక్కపోత మొదటి శత్రువు. తేమకు అట్ట ఉబ్బుతుంది, బూజు పట్టి గోధుమ చుక్కలు లేస్తాయి, జిగురు కోసం పురుగులు చేరతాయి. యాసిడ్ లేని కాగితపు కవర్లు, చీకటి, వీలైనంత స్థిరంగా ఉండే గాలి చాలు. లామినేషన్ చేయిస్తే ఇక ఆ ఫొటో పోయినట్టే. గోడకు తగిలించాలనిపిస్తే మంచి కాపీ తీయించి దాన్ని తగిలించుకోవాలి, ఎందుకంటే వెలుతురుకు ముందు వెలిసిపోయేది సిరాయే.

అన్నిటికన్నా బాధ కలిగించేది డీలర్లు చేసే విడదీత. ఆల్బమ్‌లో పాతిక ఫొటోలు కలిసి ఉంటే ఒక్కొక్కటీ చింపి విడిగా అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుంది. వెండి ఫ్రేమ్ వెండి సామాన్లవాళ్లకు, ఫొటో సంతకాలవాళ్లకు, దానితో పాటు రాజు కార్యదర్శి పంపిన రెండు వాక్యాల ఉత్తరం చెత్తబుట్టకు పోతాయి. ఆ ఉత్తరంలోనే గ్రహీత పేరు ఉంటుంది, ఏ సేవకు ఇచ్చారో ఉంటుంది, తేదీ ఉంటుంది. కొనేవాళ్లు ఫ్రేమ్ వెనక అట్ట విప్పే ముందు ఫొటోలు తీసి పెట్టుకోవాలి, లోపల దొరికిన ప్రతి చీటీని ఫొటోతోనే ఉంచాలి, అమ్మినవాళ్ల దగ్గర ఏ ఇంటి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోవాలి. అమ్మాల్సి వచ్చినా మొత్తం కలిపే అమ్మాలి, ధర కొంచెం తగ్గినా సరే.